సలాయీలున్న చేతికి సఫర్ కూడా కావాలి

మన ఖాందాన్లలో ఆడపిల్ల చేతి హునర్‌ని మెచ్చుకోని వాళ్ళు ఉండరు. కషీదా కుట్టే పిల్ల, క్రోషియా అల్లే పిల్ల, సలాయీలు పట్టి వారంలో స్వెటర్ దించేసే పిల్ల అంటే 'సలీఖా ఉన్న పిల్ల' అని నలుగురిలో పేరు. ఆ మెప్పుకి ఒక షర్తు ఉంది. పైకి అనం, అంతే. ఆ హునర్ ఇంటి దర్వాజా దాటకూడదు. అల్లిన వస్తువు దాటొచ్చు. చంటిబిడ్డకి టోపీగా, అల్లుడికి ఈద్ తోహ్ఫాగా, జహేజ్ పెట్టెలో పైన పరిచిన శాలువాగా ఎంత దూరమైనా పోవచ్చు. అల్లిన మనిషి మాత్రం ఇంట్లోనే ఉండాలి.

ఈ షర్తు వల్ల మన ఆడవాళ్ళకే కాదు, వాళ్ళ హునర్‌కీ నష్టం జరుగుతోందని నేనంటాను. చేతి పని చేతిలోనే పెరగదు. దానికి కాళ్ళు కూడా కావాలి.

మా చిన్న ఫుప్పూ పాలమూరు జిల్లాలో ఉర్దూ మీడియం స్కూల్ టీచర్‌గా పనిచేసి రిటైరైంది. నలభై ఏళ్ళుగా అల్లుతోంది. ఆమె అల్లిన కన్‌టోప్ పెట్టుకోకుండా మా ఖాందాన్‌లో ఏ పిల్లాడూ పెరగలేదు. 'సీధా, ఉల్టా, దో ఫందే ఏక్ సాథ్' అని ఆమె లెక్కపెట్టుకుంటుంటే వింటూ మేం హోమ్‌వర్క్ చేసుకున్నాం. రిటైరైన ఏడాది ఉన్నట్టుండి 'బీకానేర్ వెళ్తా' అంది. అక్కడ ఎవరున్నారని పెద్దలు అడిగారు. షాదీ ఉందా? ఏదైనా దర్గాకి మన్నత్ ఉందా? ఎవరి తబియత్ అయినా బాగాలేదా?

'భేడాఁ హైఁ' అంది ఫుప్పూ. గొర్రెలున్నాయట.

అందరూ నవ్వారు. నవ్వులయ్యాక అసలు సవాళ్ళు వచ్చాయి. ఖర్చెవరిది, తోడెవరు, ఈ వయసులో ఈ షౌఖ్ ఏమిటి, లోగ్ క్యా కహేంగే. ఫుప్పూ వాదించలేదు. తనలాగే రిటైరైన ఇద్దరు టీచర్లని జత చేసుకుంది. పెన్షన్ డబ్బుతో టికెట్లు తీసుకుని, సికింద్రాబాద్‌లో రైలెక్కింది.

బీకానేర్ ఊన్ మండీలో ఆమెకి తెలిసిన మొదటి సంగతి చెప్తే మీకూ తఅజ్జుబ్ కలుగుతుంది. నలభై ఏళ్ళు అల్లిన ఆ మనిషి అప్పటిదాకా అసలు ఊన్‌ని దాదాపు ముట్టుకోనేలేదు. మన బజార్లలో 'ఊలు' అని అమ్మే రంగురంగుల ఉండల్లో ఎక్కువ భాగం అక్రిలిక్. పెట్రోలియం నుంచి తీసే దారం. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చిన్న పోగు తుంచి అగ్గిపుల్ల చూపిస్తే చాలు. అసలు ఉన్నయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే బూడిదై రాలిపోతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. అక్కడి వ్యాపారి ఒకాయన రెండు నిమిషాల్లో ఈ పరీక్ష చేసి చూపించాడట. ఇన్నేళ్ళూ మన షహర్ దుకాణాల్లో ఒక్కరూ ఎందుకు చూపించలేదు? ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎందుకంటే ఆమె దుకాణానికి వెళ్ళేదే తక్కువ. రంగు కాగితం మీద రాసిస్తే మా ఫుప్పా తెచ్చేవారు.

ఆ సఫర్‌లో ఆమె మగ్రా గొర్రెని చూసింది. బీకానేర్ వైపు గొర్రె, మెరిసే ఉన్ని. చోక్లాని చూసింది. రాజస్థాన్ గొర్రెల్లో సన్నని ఉన్నికి పేరున్నది. అయినా అక్కడి ఉన్నిలో ఎక్కువ భాగం ఒంటి మీద బట్టలకి కాక ఖాలీన్లకి పోతుందని, భదోహీ మగ్గాలకి చేరుతుందని తెలుసుకుంది. మాల్పురా దగ్గర అవికానగర్‌లో 1962 నుంచి కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ నడుస్తోందని విని, మన దేశంలో గొర్రె బొచ్చు మీద ఇంత ఇల్మ్ ఉందా అని ఆశ్చర్యపోయింది. మరుసటి ఏడాది శ్రీనగర్ వెళ్ళింది. పష్మీనా గొర్రెది కాదు, లద్దాఖ్ చాంగ్‌థాంగ్ మేకది అని అక్కడే ఆమెకి పక్కాగా తెలిసింది. వసంతంలో ఆ మేకల ఒంటిని దువ్వి లోపలి మెత్తటి పష్మ్ తీస్తారు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం ఉంటే, పష్మ్ 12 నుంచి 16 మైక్రాన్లు. అంత సన్నటి పోగుని 'యిందర్' అనే చర్ఖా మీద తరతరాలుగా వడికింది ఆడవాళ్ళే. మిషన్ దారం వచ్చాక వాళ్ళ రోజీ ఎలా పడిపోయిందో ఫుప్పూ వాళ్ళ పక్కన కూర్చునే వింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఇల్మ్ ఏదీ సలాయీలతో పాటు రాలేదు. సఫర్‌తో వచ్చింది.

అల్లిక చరిత్రే సఫర్ చరిత్ర. ఇప్పుడు దొరుకుతున్న పాత అల్లికల్లో ముఖ్యమైనవి ఈజిప్టువి. ఇస్లామీ జమానా నాటి నూలు మేజోళ్ళు. నీలం, తెలుపు దారాలతో అల్లినవి. కొన్నింటి మీద కూఫీ ఖత్‌ని పోలిన నమూనాలున్నాయి. స్పెయిన్‌లో బుర్గోస్ దగ్గర లాస్ హుయెల్గాస్ అనే క్రైస్తవ మఠం ఉంది. 1275లో చనిపోయిన ఒక యువరాజు సమాధి అక్కడ ఉంది. అందులో దొరికిన అల్లిక దిండు మీద 'బర్కత్' అనే అర్థమిచ్చే అరబీ మాట అల్లి ఉంది. అది ముస్లిం కారీగర్ల పనితనమనే మాట. ఆ హునర్ యూరప్‌లో పాకి, దేశదేశాల చలిలో పెరిగి, దొరసానుల చేతుల్లో, మిషన్ స్కూళ్ళలో మళ్ళీ మన హిందుస్తాన్‌కి వచ్చింది. దాన్ని 'అంగ్రేజ్ మేమ్‌ల పని' అనుకుని మన నానీలు నేర్చుకున్నారు. స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడ ఆడవాళ్ళు వీపు మీద పొయ్యిలోకి పీట్ గంపలు మోస్తూ, నడుస్తూ అల్లేవాళ్ళు. వాళ్ళు అల్లిన శాలువాలు ఉంగరంలోంచి దూరేంత సన్నగా ఉండేవి. నడిచే ఆడవాళ్ళ చేతుల్లో అల్లిక చెడిపోలేదు.

నేను ఉర్దూలో చదువుకుని తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. మాటల వేర్లు తడమడం నా అలవాటు. మనం 'ఊన్' అంటాం, తెలుగులో 'ఉన్ని' అంటారు. రెండూ సంస్కృతం 'ఊర్ణ' బిడ్డలే. ఫార్సీలో ఉన్ని 'పష్మ్'. పష్మీనా దాని నుంచే. అరబీలో 'సూఫ్'. సూఫీ అనే మాట ఆ ముతక ఉన్ని బట్ట నుంచే వచ్చిందని ఎక్కువమంది ఆలిములు చెప్తారు. ఇన్ని జబాన్లలో ఉన్నికి ఇంత ఇజ్జత్ ఉంటే, ఈ రోజు మన ఇళ్ళలో గొర్రె అంటే ఏమిటి? బక్రీద్ ముందు పళ్ళు చూడటం, బరువు చూడటం, రేటు తెంచడం. ఖుర్బానీ అయ్యాక చమ్డా మద్రసాకి పంపడం. ఆ చమ్డాకీ ఇప్పుడు పాత ధర లేదు. గొర్రెతో మన రిష్తా దస్తర్‌ఖాన్ దగ్గరే ఆగిపోయింది.

ఇది మన ఒక్కరి తప్పు కాదు. 2017లో తెలంగాణ సర్కార్ గొల్ల కురుమలకి గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఒక్కో యూనిట్‌కి 20 గొర్రెలు, 1 పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. ఆ హిసాబ్ కూడా మాంసం హిసాబే. పొడుగ్గా, బరువుగా పెరిగే, ఉన్ని లేని నెల్లూరు రకానికి గిరాకీ పెరిగింది. దక్కన్ పీఠభూమి ఎండకీ కరువుకీ తట్టుకుని మైళ్ళకి మైళ్ళు నడిచే నల్ల గొర్రె వెనకబడింది. దాని పేరేమిటో తెలుసా? దక్కనీ. మన జబాన్ పేరే.

శ్రీనగర్ నుంచి వచ్చాక ఫుప్పూ కళ్ళకి ఆ నల్ల గొర్రె ఆనింది. రోజూ బస్సు కిటికీలోంచి చూసిందే. ఈసారి బస్సు దిగింది. కురుమ పెద్దావిడ ఒకామెని 'అక్కా, ఈ బొచ్చు ఏం జేస్తరు?' అని అడిగింది. 'ఏం జేస్తం టీచరమ్మా, కొనేటోడు లేడు. కత్తిరించిన కూలి గూడ ఎల్తలేదు, పారబోస్తున్నం' అందట. ఒకప్పుడు ఆ ఉన్నిని ఆడవాళ్ళు వడికితే, మగవాళ్ళు మగ్గం మీద గొంగడి నేసేవాళ్ళు. చింతగింజల గంజి పెట్టి బిగించిన గొంగడి కాపరికి వానలో గొడుగు, చలిలో రజాయి, రాత్రి పరుపు. ఇప్పుడు కాపరి భుజం మీద ప్లాస్టిక్ పట్టా.

ఫుప్పూ ఆ పెద్దావిడతో దారం వడికించి, అడిగినంత డబ్బిచ్చి తెచ్చుకుంది. స్వెటర్ అల్లితే గుచ్చుతుంది. ఆ ఉన్ని దానికి పుట్టింది కాదు. లావు సలాయీలతో జానమాజ్ అల్లింది. చలికాలం ఫజర్‌కి బండల మీద పరిస్తే పాదాలకి చలి తగలదు. ఇప్పుడు మొహల్లాలో ఐదారు ఇళ్ళ వాళ్ళు అలాంటివి అడుగుతున్నారు. ఇది ఇంక్విలాబ్ కాదు, కాపరి బతుకు దీంతో మారిపోదు. కానీ పారబోసే ఉన్నికి ఒక చోట ధర పలికింది. రెండు కౌముల ఆడవాళ్ళు ఒక అరుగు మీద కూర్చుని దారం గురించి మాట్లాడుకున్నారు. ఈ రోజుల్లో దాన్ని నేను చిన్న సంగతి అనుకోను.

నా మాటకి ఎదురు మాటలున్నాయని తెలుసు. మొదటిది మహ్రమ్ సవాల్. ఒక్కో మస్లక్‌ది ఒక్కో మాట, దాని మీద ఫత్వా ఇచ్చేవాణ్ణి నేను కాదు. అయితే 2018 నుంచి మన దేశంలో 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు, వాళ్ళ మస్లక్ ఒప్పుకుంటే, మహ్రమ్ లేకుండా హజ్‌కి వెళ్ళే వీలుంది. మీ ఘర్‌లో ఆ అభ్యంతరం నిజంగా దీన్‌దైతే, మహ్రమ్‌గా మీరే వెంట వెళ్ళండి. వెళ్ళకుండా ఉండటానికి దాన్ని బహానా చేసుకోకండి.

రెండోది డబ్బు. లేని ఇంటికి ఈ మాట చెప్పడం జుల్మ్, ఒప్పుకుంటాను. కానీ వలీమాకి ఇంకో రకం బిర్యానీ పెట్టగలిగిన ఇంట్లో ఒక స్లీపర్ టికెట్‌కి డబ్బు లేదంటే నమ్మలేను. మూడోది, 'దీని వల్ల ఫాయిదా ఏమిటి?' మన మగవాళ్ళ కబూతర్లని, పతంగులని, రాత్రంతా సాగే ముషాయిరాలని ఈ సవాల్ ఎవరు అడిగారు? షౌఖ్‌కి ఫాయిదా చూపించాల్సిన బాధ్యత ఆడవాళ్ళ ఒక్కరిదేనా?

బీకానేర్ దాకా పోనక్కర్లేదు. మొహల్లాల్లో కుట్టు, మెహందీ సెంటర్లు నడిపే వాళ్ళకి నాదొక గుజారిష్. ఏడాదికి ఒక్కరోజు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి. గొర్రెల మంద దగ్గరికి, గొంగడి మగ్గం దగ్గరికి. ఏలూరు తంగెళ్ళమూడికి వెళ్ళండి. తాతముత్తాతలు ఇరాన్ నుంచి వచ్చారని చెప్పుకునే మన వాళ్ళు అక్కడ ఉన్ని తివాచీలు నేశారు. దారం ఎక్కడ పుడుతుందో చూసిన పిల్ల దుకాణదారుని నాలుగు సవాళ్ళు అడుగుతుంది. ధర తెలిసిన పిల్ల తన పనికి సరైన ధర అడుగుతుంది. మెచ్చుకోలుతో సరిపెట్టుకోదు. మనలో కొందరికి అసలు భయం అదేనేమో.

రిష్తా చూడటానికి వెళ్ళినప్పుడు 'అమ్మాయికి ఏమేం వచ్చు?' అని అడగడం మనకి అలవాటు. 'ఎక్కడెక్కడ చూసొచ్చింది?' అని కూడా ఒక్కసారి అడిగి చూడండి. ఆ సవాల్‌కి అమ్మాయి వాళ్ళు ఇబ్బంది పడితే, ఆ ఇబ్బంది వాళ్ళ ఒక్కరిది కాదు, మనందరిదీ.