‘సౌండ్ పెంచు’ అనగానే పెంచేస్తారా?

తెలుగువారి పెళ్లికి మీరు వెళ్లే ఉంటారు. సన్నాయి, డోలు నెమ్మదిగా సాగుతుంటాయి. జనం కబుర్లలో ఉంటారు. ఉన్నట్టుండి పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం’ అంటారు. ఒక్కసారిగా మేళం హోరెత్తుతుంది. అందరి తలలూ పెళ్లిపీటల వైపు తిరుగుతాయి, అక్షతలు పడతాయి. అదే మేళాన్ని పొద్దుట్నుంచీ ఆ హోరుతోనే వాయించారనుకోండి. తాళి ఎప్పుడు కట్టారో వెనక వరసల్లో ఎవరికీ తెలియదు!

మెల్లటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య ఉండే ఈ తేడానే రికార్డింగ్ భాషలో డైనమిక్ రేంజ్ అంటారు. మిక్సింగ్ అయ్యాక, విడుదలకు ముందు పాటను చివరిసారిగా సరిచేసే పని మాస్టరింగ్. ఆ దశలో ఈ తేడాను నలిపేసి, పాటంతా గట్టిమేళంలా మార్చేసే పోటీ కొన్ని దశాబ్దాలు నడిచింది. దానికి ‘లౌడ్‌నెస్ వార్’ అని పేరు కూడా పెట్టారు. సౌండ్ ఇంజినీరింగ్, వీడియో ఎడిటింగ్, పాడ్‌కాస్ట్, డబ్బింగ్ రంగాల్లో అవకాశాలు వెతుక్కుంటున్న మీరు ఆ పోటీలోకి దిగొద్దన్నది నా అభిప్రాయం. అలాగని తొలి ఉద్యోగంలోనే ‘నేను పెంచను’ అని మొండికేయమనీ చెప్పను.

పోటీ ఎలా మొదలైంది?

మూలం మన చెవిలోనే ఉంది. శబ్దం తగ్గేకొద్దీ బేస్ మనకు సరిగా వినిపించదు. బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే ఒకే పాటను రెండు స్థాయుల్లో వినిపిస్తే, కాస్త గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. జ్యూక్‌బాక్స్‌ల రోజుల నుంచే అమెరికా రికార్డు కంపెనీలకు ఈ కిటుకు తెలుసు. పక్క రికార్డు కంటే మనది గట్టిగా మోగితే జనం చెవి ఇటే పడుతుంది. అయితే వినైల్ రికార్డులో గాడిని మరీ లోతుగా, వెడల్పుగా కోస్తే సూది గెంతుతుంది. ఆ భయం కొంత అదుపులో ఉంచింది.

1982లో సీడీ వచ్చింది. దాదాపు 96 డెసిబెల్స్ తేడాను పట్టుకోగల సాధనమది. కానీ డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ అనే పైకప్పు ఒకటుంది, దాన్ని దాటి వెళ్లడం కుదరదు. మరి ఇంకా గట్టిగా వినిపించాలంటే? లిమిటర్‌తో డ్రమ్ దెబ్బల లాంటి శిఖరాలను అణిచేసి, మిగతా పాటనంతా పైకి లేపడమే. అప్పుడు సగటు శబ్దం పెరుగుతుంది, దెబ్బలో పదును పోతుంది. హద్దు మీరితే బొంగురు కూడా చేరుతుంది.

2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ విషయంలో ఇదే జరిగింది. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లోనూ వచ్చాయి. గేమ్‌లో ఉన్నవి అంతగా నలగలేదు. రెండూ పోల్చి విన్న అభిమానులు గేమ్‌లోని పాటలే బాగున్నాయన్నారు. ఆల్బమ్‌ను మళ్లీ సరిచేయాలంటూ వేలమంది పిటిషన్‌పై సంతకాలు చేశారు. మాస్టరింగ్ ఇంజినీరేమో, పాటలు తన చేతికి వచ్చేసరికే నలిగిపోయి ఉన్నాయని వాపోయారు. తప్పు ఎవరిదైనా, ఆల్బమ్ మీద ఉన్నది ఆయన పేరు కూడా! మీ పని మీద మీ పేరు పడే రోజు వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

‘అయినా ఆ ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది కదా?’ అని మీరు అడగొచ్చు. నిజమే. లౌడ్‌గా ఉందని జనం కొనడం మానలేదు. బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వినేవాళ్లకు మరీ మెల్లటి భాగాలు వినపడవన్నదీ నిజమే. కాబట్టి కంప్రెషన్ పాపమేమీ కాదు. అవసరానికి వాడటం వేరు, పక్కవాడి కంటే గట్టిగా మోగాలని వాడటం వేరు.

గెలిచినా లాభం లేదు

ఇప్పుడు ఆ పోటీలో గెలిచినా దక్కేదేమీ లేదు. శబ్ద తీవ్రతను చెవికి తెలిసే తీరులో కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ప్రమాణంగా తెచ్చింది. ఆ కొలతే ఎల్‌యూఎఫ్‌ఎస్. 2010లో యూరప్ ప్రసార సంస్థల సంఘం టీవీకి మైనస్ 23ను ప్రమాణంగా పెట్టింది. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నింటినీ మైనస్ 14 దగ్గరకు తెస్తుంది. మీరు కష్టపడి మైనస్ 8కి లేపిన పాటను అది 6 డెసిబెల్స్ కిందికి దించేస్తుంది. గట్టిదనం పోతుంది, నలిగిన డ్రమ్ దెబ్బ మాత్రం నలిగినట్టే ఉండిపోతుంది. యూట్యూబ్ కూడా మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గించే వినిపిస్తుంది.

ఓటీటీలైతే ఇంకా కచ్చితం. నెట్‌ఫ్లిక్స్ సంభాషణల స్థాయి మైనస్ 27 దగ్గర, 2 యూనిట్ల తేడాలోపు ఉండాలంటుంది. యాపిల్ మ్యూజిక్ డాల్బీ అట్మోస్ పాటలకు మైనస్ 18 దాటొద్దంటుంది. తెలుగు డబ్బింగ్ చేసినా, పాటల మిక్సింగ్ చేసినా ఈ అంకెలు తెలిసినవాళ్ల పని వెనక్కి తిరిగిరాదు. ఫ్రెషర్‌గా మీరు చూపించగల అసలు నైపుణ్యం ఇదే.

మరి ‘పెంచు’ అంటే?

స్టూడియోలో నిర్మాతో, సీనియరో ‘ఇంకొంచెం పెంచు’ అంటారు. కొత్తగా చేరినవాళ్లకు కాదనే ధైర్యం ఎక్కడుంటుంది? వాదించకండి. అడిగినట్టే ఒక వెర్షన్ చేయండి. మీకు సరైనదనిపించింది ఇంకొకటి చేయండి. రెండింటినీ ఒకే ఎల్‌యూఎఫ్‌ఎస్ స్థాయికి తెచ్చి పక్కపక్కనే వినిపించండి. ‘యాప్‌లో విన్నప్పుడు ఇలా ఉంటుంది సార్’ అని ఒక్క మాట చెప్పి ఆగండి. అప్పటికీ గట్టిదే కావాలంటే ఇవ్వండి, అది వాళ్ల పాట. రెండో ఫైల్ మాత్రం మీ దగ్గర దాచుకోండి.

దీనికి ముందు మీ చెవిని మీరే పరీక్షించుకోవాలి. ఖర్చేమీ లేదు. ఆడాసిటీ ఉచితం, యూలీన్ లౌడ్‌నెస్ మీటర్‌కూ ఉచిత వెర్షన్ ఉంది. ఒక పాటను రెండు కాపీలు చేసి, ఒకదాన్ని 2 డెసిబెల్స్ తగ్గించండి. సంగతి చెప్పకుండా హాస్టల్ రూమ్మేట్స్‌కు వినిపించి ఏది బాగుందో అడగండి. చాలామంది తగ్గించనిదే ‘క్లారిటీగా ఉంది’ అంటారు. పాట ఒక్కటే అని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడండి! తర్వాత ఒక కాపీని లిమిటర్‌తో బాగా నలిపి, రెండింటినీ సమాన స్థాయికి తెచ్చి మళ్లీ వినిపించండి. ఈసారి జవాబులు మారతాయేమో రాసి పెట్టుకోండి.

ఆ రెండు ఫైళ్లూ, వాటి అంకెలూ, ఏది ఎందుకు ఎంచుకున్నారో నాలుగు లైన్లూ... మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టండి. ఇంటర్వ్యూలో ‘సాఫ్ట్‌వేర్లన్నీ వచ్చు’ అని గట్టిగా చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. మీరు ల్యాప్‌టాప్ తెరిచి, మామూలు గొంతుతో ‘ఒకసారి ఇది వినండి సార్’ అనండి చాలు.