పువ్వు ఫోటో చూసి ఫోన్ కొనకండి

ఏ ఫోన్ కెమెరా రివ్యూ అయినా తెరిచి చూడండి, శాంపిల్ ఫోటోల్లో ఒక పువ్వు ఉండి తీరుతుంది. లాంచ్ ఈవెంట్లలో అయితే చెప్పక్కర్లేదు. రేకుల మీద నీటిచుక్కలు, వెనకాల మెత్తటి బ్లర్, కళ్లు చెదిరే రంగులు. అది చూసి చాలామంది "కెమెరా అదిరింది" అని ఫిక్స్ అయిపోతారు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కెమెరాని పరీక్షించడానికి చాలా పువ్వులు పనికిరావు. పగటి వెలుతురులో, నీడలో ఉన్న బంతిపువ్వుని తీస్తే ఏ ఫోన్ అయినా పాస్ అయిపోతుంది. రంగు ముందే ముదురుగా ఉంటుంది, పువ్వు పరిగెత్తదు, దగ్గరికెళ్తే బ్యాక్‌గ్రౌండ్ దానంతటదే బ్లర్ అవుతుంది. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే పదిహేను వేల ఫోన్‌కీ, లక్ష రూపాయల ఫోన్‌కీ తేడా కనిపెట్టడం కష్టమే. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుని పూల ఫోటోలు మొదలుపెడదాం అనుకునేవాళ్లకి ఇది మంచి వార్త. చేతిలో ఉన్న ఫోన్ చాలు.

కానీ మొదలుపెట్టేవాళ్లు ముందు పడిపోయేది మాక్రో అనే మాట దగ్గరే. కెమెరాల్లో మాక్రోకి గుర్తే ఒక చిన్న ట్యులిప్ పువ్వు కాబట్టి, పూలంటే మాక్రో ఉండాల్సిందే అనిపిస్తుంది. బడ్జెట్ ఫోన్ల వెనకాల ఉండే 2 మెగాపిక్సెల్ మాక్రో లెన్స్ సంగతి లెక్కేసి చూద్దాం. అది ఇచ్చే ఫోటో సుమారు 1600×1200 పిక్సెల్స్. చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు, 4 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ ఫిక్స్ చేసి పెడతారు. గాలికి పువ్వు ఒక సెంటీమీటర్ ఊగితే షార్ప్‌నెస్ పోయినట్టే. అదే ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరా ఉందనుకోండి. మామూలు మోడ్‌లో వచ్చే 12.5 మెగాపిక్సెల్ ఫోటోని పొడవులో సగానికి, వెడల్పులో సగానికి క్రాప్ చేసినా ఇంకా 3 మెగాపిక్సెల్ మిగులుతుంది. పైగా అది పెద్ద సెన్సార్ నుంచి వచ్చింది, ఫోకస్ కూడా సరిగ్గా పడింది. ఇక ఆ మాక్రో లెన్స్ ఎందుకున్నట్టు? బాక్స్ మీద "ట్రిపుల్ కెమెరా" అని రాసుకోవడానికి. నాకైతే వేరే కారణం కనిపించడం లేదు.

అన్ని మాక్రోలూ ఒకటే అనడం లేదు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో, ఆటోఫోకస్ ఉన్న అల్ట్రావైడ్‌తో 2 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తుంది, క్వాలిటీ బాగుంటుంది. అయితే 2 సెంటీమీటర్లంటే ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. 2023 నాటి షావోమీ 13 ప్రోలో టెలీఫోటో 10 సెంటీమీటర్ల దాకా ఫోకస్ చేస్తుంది. పూలకి నాకు నచ్చిన పద్ధతి ఇదే, నీడ గొడవ తగ్గుతుంది. కానీ దీనికోసమే అంత డబ్బు పెట్టమని ఫస్ట్ టైమ్ తీసేవాళ్లకి చెప్పను.

మెయిన్ కెమెరాతో తీసేటప్పుడు అందరూ చేసే పని, పువ్వుకి ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్లడం. ప్రతి లెన్స్‌కీ ఒక కనీస దూరం ఉంటుంది, అది దాటి ముందుకెళ్తే ఫోకస్ పడదు. సెన్సార్ పెద్దదయ్యే కొద్దీ సాధారణంగా ఈ దూరం పెరుగుతుంది. అందుకే ఖరీదైన ఫోన్ కొన్నాక "పాత ఫోన్‌లోనే దగ్గరగా వచ్చేది" అని కొందరు తిట్టుకుంటుంటారు. ఒక జానెడు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. పువ్వు ఆకారం సాగదు, వెనకాల కనిపించే గోడ, బకెట్, ఆరేసిన బట్టలు కూడా ఫ్రేమ్‌లో తగ్గుతాయి.

టైమ్ విషయానికొస్తే, పొద్దున్నే. ఎండ మెత్తగా ఉంటుంది, గాలి కూడా చాలాసార్లు తక్కువే. మందారం చాలా రకాల్లో ఒక్కరోజు పువ్వు, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రాలిన పారిజాతాలు కాస్త ఎండెక్కితే వాడిపోతాయి. ఇంకో చిక్కుంది, ఇంట్లో అమ్మ దేవుడికి కోసేలోపే మీరు లేవాలి! లేటైతే మధ్యాహ్నం ఎండతో కుస్తీ పట్టకుండా చంద్రకాంతలు విచ్చుకునే సాయంత్రం దాకా ఆగండి. తప్పనిసరిగా ఎండలోనే తీయాల్సివస్తే ఒక నోట్‌బుక్ అడ్డుపెట్టి పువ్వు మీద నీడ పడేలా చూడండి. వేల రూపాయల అప్‌గ్రేడ్ కన్నా ఆ నోట్‌బుక్ ఎక్కువ మార్పు చూపిస్తుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫోన్‌ని నిజంగా ఇబ్బంది పెట్టే పువ్వు ఒకటుంది, ముదురెరుపు మందారం. చాలా ఫోటోల్లో అది ఎర్ర కాగితం కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. రేకు మీద ఈనెలు ఉండవు, మడతలు ఉండవు. కారణం సెన్సార్‌లోనే ఉంది. పిక్సెల్స్ మీద రంగు ఫిల్టర్లు ఉంటాయి. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మందారం నుంచి వచ్చే వెలుతురులో ఎక్కువ భాగం ఎరుపే కాబట్టి భారమంతా ఆ నాలుగో వంతు పిక్సెల్స్ మీద పడుతుంది. దీనికి తోడు, చుట్టూ ఉన్న ముదురు ఆకుల్ని చూసి కెమెరా "చీకటిగా ఉంది" అనుకుని బ్రైట్‌నెస్ పెంచుతుంది. ఎరుపు ఛానెల్ 255 దగ్గర నిండిపోతుంది. ఆపైన ఎంత తేడా ఉన్నా అంతా ఒకే ఎరుపు. మొత్తం వెలుతురునే చూపించే హిస్టోగ్రామ్ అయితే ఈ తేడా పట్టించదు, అందులో అంతా మామూలుగానే కనిపిస్తుంది.

చేయాల్సింది చిన్న పనే. పువ్వు మధ్యలో పసుపు పుప్పొడి ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకోండి, ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి, రేకు మీద ఈనెలు కనిపించే వరకు. ఫోటో స్క్రీన్ మీద కాస్త డల్‌గా ఉంటుంది, ఫర్వాలేదు. ఆకుల చీకటిని తర్వాత స్నాప్‌సీడ్‌లో పైకి లేపుకోవచ్చు. నిండిపోయిన ఎరుపుని మాత్రం ఏ యాప్ కూడా వెనక్కి తేలేదు. సెట్టింగ్స్‌లో ఏఐ సీన్ డిటెక్షన్ ఉంటే ఆపేయండి. అది పువ్వుని గుర్తుపట్టగానే రంగులు ఇంకా పెంచుతుంది. మందారానికి కావాల్సింది సరిగ్గా దానికి రివర్స్. మీ కెమెరా యాప్‌లో ఇవేవీ లేకపోతే, ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది, ఎక్స్‌పోజర్ అందులో మీ చేతిలోనే ఉంటుంది.

నందివర్ధనం, మల్లెలకి కూడా ఇదే మందు, తెలుపు తేలిగ్గా కాలిపోతుంది. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పూలకి వద్దంటాను. మందారం కేసరాల్లాంటి సన్నటి వాటిని బ్యాక్‌గ్రౌండ్ అనుకుని చెరిపేస్తుంది.

ఇదంతా ఒక నెల చేశాక కూడా కొత్త ఫోన్ కొనాలనే అనిపిస్తే, కొనాలనుకున్న మోడల్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకుని నీడలో ఉన్న ఎర్ర మందారాన్ని ఏ సెట్టింగ్ మార్చకుండా ఒకటి, బ్రైట్‌నెస్ తగ్గించి ఒకటి తీయించుకోండి. ఒరిజినల్ ఫైల్స్ తెప్పించుకోండి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే కంప్రెస్ అవుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమనండి. జూమ్ చేసి చూడండి. ఏ సెట్టింగ్ మార్చని ఫోటోలోనే ఈనెలు కనిపిస్తే, ఆ కెమెరా గురించి ఆలోచించవచ్చు.