పోయిందంతా తిరిగొస్తుందా?

దీపావళి దాటిందంటే మా ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. మూటాముల్లె, పిల్లాజెల్లతో జనం గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పోతారు. దీన్నే మేం 'సుగ్గికి పోవడం' అంటాం. ఉగాదికల్లా చాలామంది తిరిగొస్తారు. ఐదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడూ ఏటా అట్లనే పోయొచ్చేవాడు. ఒక ఏడాది ఊరికైతే వచ్చినాడు గానీ, బడికి మాత్రం రాలేదు.

మొన్న 'గెలాక్టిక్ ఫౌంటెన్' గురించి చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.

మన పాలపుంత ఒక పళ్లెం లాంటిది. అందులో పెద్ద నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలినప్పుడు చుట్టూ ఉన్న వాయువు పది లక్షల డిగ్రీల దాకా వేడెక్కి, పళ్లెం దాటి పైనున్న హేలోలోకి ఎగదన్నుతుంది. అక్కడ చల్లబడి, మబ్బులుగా గడ్డకట్టి, కోట్ల ఏళ్లకు మళ్లీ కిందికి రాలుతుంది. పళ్లెం పైన వేడి వాయువు ఉండాలని స్పిట్జర్ 1956లోనే ఊహించాడు. ఈ రాకపోకలకు ఫౌంటెన్ అనే పేరు పెట్టి లెక్కగట్టింది 1976లో షపీరో, ఫీల్డ్. రాలిన వాయువులోంచే కొత్త నక్షత్రాలు పుడతాయి.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వాయువు తిరిగొచ్చేది గెలాక్సీ ఆకర్షణ వల్ల. చిన్న గెలాక్సీలకు అంత బలం ఉండదు. వాటిలోంచి ఎగిరిన వాయువులో చాలా భాగం ఇక తిరిగి రాదు.

"మంచి ఉద్యోగం కావాలంటే ఊరు వదలాల్సిందే" అని మనకు అందరూ చెప్తారు. పోవడం తప్పని నేననను. వేడెక్కిన వాయువును ఆగమంటే ఆగుతుందా? నా గొడవంతా ఆకర్షణ గురించే. సుగ్గికి పోయినోళ్లు ఉగాదికి ఇల్లు చేరతారు. బెంగళూరుకు పోయే మనం పండక్కి మూడు రోజులు వచ్చి, ఫొటోలు దిగి పోతాం.

ఊరికి ఆకర్షణ దానంతట అదే రాదు, మనుషులే పెంచాలి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టి, నేతగాళ్లకు ఊళ్లోనే పని చూపించాడు. మన చేతిలో ఇప్పుడు అంత పెద్ద పని లేకపోవచ్చు. సెలవుల్లో పోయినప్పుడు, మనం చదివిన బళ్లోనే పదిమందికి లెక్కలు చెప్పొచ్చు కదా? సుగ్గి నుంచి వచ్చిన పిల్లాడికి తప్పిన నాలుగు నెలల పాఠాలు కూర్చోబెట్టి చెప్పొచ్చు కదా?

నా బెంచీ మిత్రుడికి ఆ రోజు అట్లా చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయిరి.