పాట వెనుక పుస్తకము

మా మదీనాగూడలో సాయంకాలమైన పిదప నిశ్శబ్దము దొరకుట దుర్లభము. ముందు ముంబయి రహదారి. వెనుక మేడలపై మేడలు. ఒక యింటిలో అన్నమయ్య సంకీర్తన వినవచ్చుచుండగనే ప్రక్క యింటిలో గిటారు మ్రోగును. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్సు వెలసినది మొదలు ఈ ప్రాంతమునకు కొలువులకై వచ్చిన యువతీయువకులు తమ మూటలతోపాటు తమ పాటలను కూడ తెచ్చుకొనిరి. మా యింట ఆ పాటలను ప్రవేశపెట్టినది మా అమ్మాయి.

సోదరీమణులారా, దాపరికమేల? రాక్ సంగీతమనిన నాకు మొదటినుండియు సరిపడదు. "ఆ గోల తగ్గించవే" అని నేనును, "గోల కాదమ్మా, నువ్వు వినిపించుకోవడం లేదు" అని అమ్మాయియు ప్రతిదినమును వాదులాడుకొనుట మాకు పరిపాటి. ఒకనాడు అది విసిగి, లావుపాటి పుస్తకమొకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "పాట నచ్చకపోతే పోనీ. ఇది చదువు. నీకు కథలంటే ఇష్టం కదా!" అన్నది.

ఆ పుస్తకము రోలింగ్ స్టోన్స్ అను ఆంగ్ల బృందములోని గిటారు వాద్యకాడు కీత్ రిచర్డ్స్ 2010లో ప్రకటించిన స్వీయచరిత్రము. దానికి 'లైఫ్' అని పేరు. జేమ్స్ ఫాక్స్ అను రచయిత తోడ్పాటుతో అది వ్రాయబడినది. ఇట్టి పుస్తకములో దుర్వ్యసనములును న్యాయస్థానపు గొడవలును తప్ప మరేమి యుండునని తలంచి తెరచితిని. అవియు లేకపోలేదు. మాదకద్రవ్యములకు బానిసయైన యేండ్లను ఆయన దాచలేదు. ఎదిగిన పిల్లలున్న తల్లులు ఆ భాగములను పిల్లలతో కలసి చదివి, వ్యసనము సంగీతమును ఈయలేదనియు, దానిని మింగబోయినదనియు చెప్పుట మేలు. కాని నన్ను కట్టివేసినది ఆ కథలు గావు. ఆ మనుష్యుడు తాను విన్న పాటలనుగూర్చి చెప్పుకొన్న ముచ్చటలు.

1961లో ఇంగ్లండులోని డార్ట్‌ఫర్డ్ రైలు స్టేషనులో ఆయనకు బాల్యమున నెరిగిన మిక్ జాగర్ కనబడెను. జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ అను నల్లజాతి అమెరికను గాయకుల రికార్డులుండెను. ఆ రికార్డులే వారి స్నేహమునకు మూలమైనవి. పిమ్మట బృందమునకు పేరు పెట్టుకొన్నప్పుడు సయితము మడ్డీ వాటర్స్ పాటనుండియే తీసికొనిరి. ఇది చదువువరకు నాకు ఆ బృందమే సంగీతమునకు మొదలని భ్రమ. వారు శిష్యులు మాత్రమే యనియు, వారి గురువులు సముద్రమున కావలి పొలములలో ఉండిరనియు అప్పుడు తెలిసినది.

మరియొక విశేషము. గిటారునకు సాధారణముగా ఆరు తీగలు. రిచర్డ్స్ అన్నిటికంటె మందరమైన తీగను తీసివేసి, తక్కిన అయిదింటిని మన లెక్కలో స, ప, స, గ, ప అను స్వరములకు శ్రుతి చేసికొనును. ఇందలి గాంధారము అంతర గాంధారము. వీణ శ్రుతి చేయుట చూచిన వారికి ఇది చెప్పగనే బోధపడును. వేలు మోపకుండ తీగలను మీటినను స్వరములు ఒకదానితో నొకటి కలసి పలుకును. ఈ సంగతి చదివిన పిదప 1969 నాటి 'హాంకీ టాంక్ విమెన్' అను పాట వింటిని. ఇంతకుముందు గోలగా తోచినదానిలో మొదటిసారి షడ్జపంచమముల పలుకు నా చెవిని బడెను. అమ్మాయి నా ముఖము చూచి నవ్వినది గాని యేమియు అనలేదు.

అంతట ఒక దానివెంట నొకటి చదువ మొదలిడితిని. బాబ్ డిలన్ 2004లో ప్రకటించిన 'క్రానికల్స్' మొదటి సంపుటములో రాబర్ట్ జాన్సన్ అను గాయకుని ప్రస్తావన వచ్చును. జాన్సన్ 1936, 1937 సంవత్సరములలో ఇరువదితొమ్మిది పాటలు మాత్రము రికార్డు చేసి, 1938లో ఇరువదియేడేండ్ల ప్రాయమున గతించెను. ఆయన పాటలను పదేపదే విని, వాని మాటలను కాగితముపై వ్రాసికొని, ఆ కూర్పులోని కీలకమేమో పరిశీలించితినని డిలన్ చెప్పినాడు. పేరంటములలో విన్న పాటలను నోటుపుస్తకములలో ఎక్కించుకొను మన స్త్రీల అలవాటు నాకు వెంటనే జ్ఞప్తికి వచ్చెను.

సంగీతకారుల స్వీయచరిత్రలు మన యభిరుచిని మార్చు విధము ఇదియే. అవి ఒక పాటనుండి మనలను దాని వెనుకటి పాటకు, శిష్యునినుండి గురువునకు నడిపించును. మన సంగీతములో గురుపరంపర యనునది వారి సంగీతములోను ఉన్నది. కాకున్న, అక్కడ గురువు కొన్నియెడల రికార్డు రూపమున మాత్రమే యుండును.

మనకు మాత్రము ఇట్టి పుస్తకములు లేవా? ఉన్నవి. హరికథా పితామహులని కీర్తిగొన్న ఆదిభట్ల నారాయణదాసుగారు 'నా యెఱుక' యను స్వీయచరిత్రమును వ్రాసిరి. అది వారి ముప్పదవ యేటితో ఆగిపోవును. 1945లో పరమపదించిన ఆ మహనీయుని మిగిలిన యర్ధశతాబ్దమును వారి మాటలలో వినుభాగ్యము మనకు లేకపోయెను. 1919లో నెలకొల్పబడిన విజయనగర సంగీత కళాశాలకు వారే తొలి అధ్యక్షులు. 1936లో వారి పిమ్మట ఆ పదవి ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి వచ్చినది. ఘంటసాలగారును, పి. సుశీలగారును అచ్చట చదివిన వారే. ఈ వరుస తెలిసిన చెవికి రేడియోలో సుశీలగారి పాట వినబడినప్పుడు వెనుక విజయనగరపు తంబుర శ్రుతి కూడ వినబడును.

స్త్రీ వ్రాసిన దానికి భానుమతీ రామకృష్ణగారి 'నాలో నేను' చాలును. దానికి ఉత్తమ చలనచిత్ర గ్రంథముగా జాతీయ పురస్కారము లభించినది. 1925లో ఒంగోలు ప్రాంతపు దొడ్డవరములో పుట్టి, సంగీతప్రియులైన తండ్రి వెంకటసుబ్బయ్యగారి శిక్షణలో పాడ నేర్చి, 1939లో 'వరవిక్రయము'తో చిత్రములలోనికి వచ్చినది ఆమె. 1945 నాటి 'స్వర్గసీమ'లో ఆమె పాడిన పావురము పాటకు 'బ్లడ్ అండ్ శాండ్' అను అమెరికను చిత్రములో రీటా హేవర్త్ పాట ప్రేరణ యని ప్రసిద్ధి. అనగా పడమటి పాట మన యింటికి మా అమ్మాయితో రాలేదు. మా అమ్మకంటె ముందే వచ్చి, ముగ్గు తొక్కి, లోపల కూర్చున్నది. మనమే గుర్తింపలేదు.

ఇంతవరకు పుస్తకముల మేలు చెప్పితిని. ఇక వానివలని మోసము చెప్పవలెను.

టీనా టర్నరు జీవితచరిత్రము 'ఐ, టీనా' 1986లో వెలువడినది. టెనెస్సీ రాష్ట్రపు నట్‌బుష్ అను పల్లెలో పెరిగిన ఆ పిల్ల అసలు పేరు ఆనా మే బులక్. తనను పాటకత్తెగా లోకమునకు చూపిన భర్త ఐక్ టర్నరు తన్ను కొట్టి హింసించుటనుగూర్చి ఆమె అందు నిర్భయముగా చెప్పినది. 1976లో డాలస్ నగరములో, ముప్పదియారు సెంట్లు చేతనుంచుకొని, ఆమె అతని విడిచి వెడలిపోయెను. 1984లో 'ప్రైవేట్ డాన్సర్' అను ఆల్బముతో మరల లోకమును గెలిచినది, 2023లో కీర్తిశేషురాలైనది. ఇది చదివి ఏ స్త్రీ కండ్లు చెమర్పవు? నాకు చెమర్చినవి. తరువాత ఆమె పాట యేది విన్నను బాగున్నట్లే తోచెను. అప్పుడు సందేహము కలిగినది: నేను మెచ్చుచున్నది పాటనా, ఆమె కష్టమునా? జాలి వేరు, రసము వేరు గదా!

అదే పుస్తకము అందుకు విరుగుడును ఈయగలదు. 1966లో వచ్చిన 'రివర్ డీప్, మౌంటెన్ హై' రికార్డుమీద ఐక్, టీనా యని ఇరువురి పేర్లు నున్నను, ఆ రికార్డింగులో ఐక్ పాలు లేదు. ఫిల్ స్పెక్టరు అను నిర్మాత టీనా గొంతును మాత్రమే కోరెను. అరవుట మాని రాగము పట్టి పాడు అవకాశము దొరికినదని ఆమె సంతసించినది. ఈ సంగతి జాలికి సంబంధించినది కాదు, గానమునకు సంబంధించినది. చదివిన దానిలో మన చెవికి పనికివచ్చునది ఇట్టిదే. తక్కినది మన మనస్సునకు. ఇంకొకటి యేమన, స్వీయచరిత్రములో సాక్షియు న్యాయాధిపతియు ఒక్కరే. ఎన్నో యేండ్ల పిమ్మట, తరచుగా మరియొక రచయిత చేతి సాయముతో చెప్పు కథను వేదవాక్యముగా గైకొనరాదు.

నా యభిరుచిలో నాదెంత, పుస్తకములదెంత యని పరీక్షింపదలచి, అత్తగారిని ఆశ్రయించితిని. వారు మెదకు జిల్లా పల్లెలో పుట్టి, ఎనుబదియేండ్లు దాటిన వారు. ఈ పుస్తకములను వారెరుగరు. ఒక మధ్యాహ్నము వారు పాలకూర యేరుచుండగా, పేరును ఊరును చెప్పక, మడ్డీ వాటర్స్ పాటను పెట్టితిని. అది 1941లో మిసిసిపీ రాష్ట్రమున స్టోవాల్ అను ప్రత్తి యెస్టేటులో, ఆయన ఇంకను కూలిపని చేయుచుండగా, అలన్ లోమాక్స్ అను జానపద గేయ సేకర్త పట్టిన రికార్డు. అత్తగారు కూర ప్రక్కకు జరిపి విని, "ఈయన కైకిలికి పోయెటోడేనా బిడ్డా?" అని యడిగిరి. నేను నివ్వెరపోయితిని. "ఎట్ల తెలిసిందత్తమ్మా?" అంటిని. "గొంతుల తెలుస్తలేదా? నాటేసేటప్పుడు ఎనుకకు అడుగేసుకుంట మేం గిట్లనే గుంజి పాడుతుంటిమి" అనిరి. పిదప, పుస్తకము చదివి నేను మిక్కిలి మెచ్చుకొన్న మరియొక పాటను పెట్టగా, "ఇదేంది? గిన్నెలు కిందవడ్డట్టున్నది" అని మరల కూర యేర మొదలిడిరి.

నేను నూరు పుటలు చదివి తెలిసికొన్నదానిని వారు మూడు నిమిషములలో చెవితో తెలిసికొనిరి. అంత మాత్రమున పుస్తకము వ్యర్థమనరాదు. పొలములో పాడిన వారికి పొలపు పాట తెలియును. మేడలలో పెరిగిన నాకును, నా కూతురునకును ఆ దారి చూపుటకు ఎవరో యొకరు కావలెను. పుస్తకము చేయగల పని యదియే: అది చెవికి ఓర్పు నేర్పును. నచ్చుటయు నచ్చకపోవుటయు చెవియే తేల్చుకొనవలెను. పుస్తకములను మూసి నెల దినములు గడచిన పిదప మరల వినగా, నేను మెచ్చిన పది పాటలలో నాలుగు మాత్రము నిలిచినవి. ఆ నాలుగును నావే యని నమ్మకము. కావున, ఇట్టి పుస్తకము చదువబోవు సోదరీమణులకు నా మనవి యిది: మొదట పాట వినుడు, పిదప చదువుడు, కొన్నాళ్లు మరచి మరల వినుడు. పుస్తకములో గురువుగా చెప్పబడినవారి పాటను తప్పక వెదకి వినుడు.

ఆనాటి రాత్రి అమ్మాయి కొలువునుండి వచ్చిన తరువాత ఈ ముచ్చటంతయు చెప్పితిని. అది చాలసేపు మాటలాడక, "ఎక్కడివాళ్లవో జీవితాలు మనం ఇన్ని చదివాం. నానమ్మ పాటలు ఎవరు రాశారమ్మా?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. ఇరువదియైదేండ్లుగా ఒక యింట నుండి, బతుకమ్మ పాటలు వారి నోట విని, "బాగున్నదత్తమ్మా" యనుటయే గాని, అవి ఎవరు నేర్పిరని నేను ఒక్కనాడైన అడిగి యెరుగను. టెనెస్సీలోని నట్‌బుష్ నాకు తెలిసినది. అత్తగారు నాట్లు వేసిన మడి యేదో తెలియదు.

ఆ యాదివారమునుండి అమ్మాయి తన ఫోనులో పాట పట్టుచున్నది. నేను ప్రక్కన నోటుపుస్తకము పెట్టుకొని, ఆ పాట ఎప్పుడు పాడుదురు, ఎవరితో పాడిరి, ఆ యేడు వానలు పడినవా లేదా యని వ్రాసికొనుచున్నాను. అత్తగారికి మొదట సిగ్గు. "నా ముచ్చట్లు రాసుడేంది?" అనిరి. తరువాత కొంతసేపు ఆలోచించి, కూర్చున్నచోటనే నడుము నిటారుగా చేసికొని, "సరే బిడ్డా. ముందుగాల మా మేనత్త పేరు రాయి. నాకు పాట నేర్పింది ఆమెనే" అనిరి.

మా నోటుపుస్తకములో మొదటి పంక్తి అదియే.