నర్సు విద్యార్థినులు - మాదకద్రవ్య పరీక్షలు

మన తెలుగు కుటుంబములనుండి వెడలి అమెరికాలో నర్సు విద్య నభ్యసించు బాలికలు కలరు. కళాశాలలో చోటు దొరకెనన్న వార్త వినగనే ఇంటిల్లిపాదియు సంతసింతురు. కాని రోగులచెంత పని నేర్చుకొనుటకు ఆసుపత్రిలో అడుగిడుటకు ముందు వారు దాటవలసిన గడప యొకటి కలదు. అది మాదకద్రవ్య పరీక్ష. అచటి నర్సు కళాశాలలు పెక్కింట ఈ నియమము కలదు. అనుమానము కలిగినపుడు నడుమ మరల పరీక్షించుటయు, మద్యమునకు సైతము పరీక్ష చేయించుటయు కలదు. గంజాయి కొన్ని రాష్ట్రములలో పెద్దలకు చట్టసమ్మతమైనను కళాశాలవారు దానిని నిషేధింపవచ్చును.

“మా పిల్లనే శంకింతురా?” యని తల్లులు నొచ్చుకొనవచ్చును. మాకు మాత్రము ఈ నియమము న్యాయమనియే తోచుచున్నది. మార్ఫిను వంటి తీవ్రమైన మందులు నర్సు చేతిమీదుగనే రోగికి చేరును. మోతాదు తప్పిన ప్రాణమే పోవచ్చును. 2016లో అమెరికా ఎనిమిదవ మండల అప్పీలు న్యాయస్థానము మిస్సోరీలోని యొక ప్రభుత్వ సాంకేతిక కళాశాల విషయమున తీర్పు చెప్పుచు, అపాయకరమైన పనులు నేర్చువారిని తప్ప తక్కిన విద్యార్థుల నందఱను పరీక్షించుట చెల్లదనెను. ఇతరుల క్షేమమే ఇట్టి పరీక్షకు ఆధారమని దీనివలన తెలియుచున్నది.

పరీక్షకు సాధారణముగా మూత్రము నిత్తురు. దానికి ముద్రవేసి, సంతకములు చేయించి పంపుదురు. మొదటి పరీక్షలో దోషము కనబడినచో మరింత నిశితమైన రెండవ పరీక్ష చేయుదురు. పద్ధతి సరిగానున్నచోట, పిమ్మట ఒక వైద్యుడు విద్యార్థినిని పిలిచి, “ఈ మందు నీకు వైద్యుడు వ్రాసియిచ్చినదా?” యని యడుగును. చీటీ చూపగలిగిన బాలిక బయటపడును. చూపలేనిచో చదువే ఆగిపోవచ్చును.

తల్లుల బాధ్యత ఇచటనే కలదు. కుమార్తె దగ్గుచున్నదని విని కోడీను కలిసిన మందు సీసాను, నిద్ర పట్టుటలేదని విని తాము వాడగా మిగిలిన ఆల్ప్రజోలాము మాత్రలను పెట్టెలో సర్దుట మన ఇండ్లలో ప్రేమ యనిపించుకొనును. ఆ మందు ఆ బాలికపేర వ్రాయబడినది కాదు. వైద్యుడు పిలిచి యడిగిననాడు “మా అమ్మ పంపినది” యనుట సమాధానము కాజాలదు.

మన వంటింటి గసగసాలకును ఈ పరీక్షతో సంబంధము కలదు. నల్లమందు మొక్క గింజలే గసగసాలు. వానికంటిన పాలవలన తిన్నవారి మూత్రములో మార్ఫిను కనబడవచ్చును. అందువలననే 1998లో అమెరికా ప్రభుత్వము తన యుద్యోగుల పరీక్షలలో హద్దును మిల్లీలీటరునకు 300 నానోగ్రాములనుండి 2000కు పెంచెను. అయినను 2023లో ఆ దేశపు రక్షణశాఖ గసగసాలు తినవలదని సైనికులను హెచ్చరించెను. కళాశాలలన్నియు ఆ పెద్ద హద్దునే పాటించవలెనని లేదు. కావున చదువు ముగియువరకు గసగసాల కూరను, మసాలాను మానుటయే మేలు.

మద్యము త్రాగినవారి మూత్రములో దాని జాడ కొన్ని దినములవరకు పట్టు పరీక్ష యొకటి కలదు. చేతులకు రాచుకొను స్పిరిటు ద్రవము, నోరు పుక్కిలించు మందు సైతము దానిలో బయటపడవచ్చును. ఆ యొక్క పరీక్షనే నమ్మి ఎవరిని దోషులుగా నెంచరాదని 2006లో అమెరికా ప్రభుత్వ సంస్థయే హెచ్చరించెను. అమాయకురాలైన బాలిక ఈ సంగతి నెరిగియుండుట మంచిది. భయముచే కడవెడు నీరు త్రాగి పోవుటయు తగదు. నీరు మిక్కుటమైన నమూనాను త్రోసిపుచ్చి మరల పిలుతురు.

ఇక నిజముగనే వ్యసనమున చిక్కిన బాలిక మాటయేమి? పరువు పోవునని దాచిన రోగము ముదురును. ఫ్లారిడా రాష్ట్రము 1983లోనే అట్టి నర్సులను వెంటనే వెడలగొట్టక, చికిత్స చేయించి, కనిపెట్టి యుండి మరల పనిలో నిలుపు ఏర్పాటు చేసెను. పట్టుబడుటకు ముందే తానుగా చెప్పుకొనిన బాలికను ఇంటివారు తిట్టక చికిత్సకు పంపవలయును.

సోదరీమణులారా! కుమార్తెను సాగనంపునాడు పచ్చళ్ల జాడీలతోపాటు కళాశాల నియమముల పత్రమునుగూడ ఒకపరి ఆమెచే చదివించి వినుడు. ఆమె వాడు ప్రతి మందునకును ఆమెపేర వైద్యుని చీటీ యున్నదో లేదో చూడుడు. చీటీ లేని మందును పెట్టెలోనుండి తీసివేయుడు.