జలపాతానికి వసంతంలో వెళ్దాం

జలపాతమంటే వానాకాలంలోనే చూడాలని అందరూ అంటారు. వసంతంలోనూ చూడాలని మేమంటాము. ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో గోదావరి ఉపనది కడెం, సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దూకే చోటు కుంతల. వానల్లో అక్కడ నురుగే కనిపిస్తుంది. మార్చిలో ధార సన్నబడి, నీరు బండను మెట్లు మెట్లుగా ఎలా కోసిందో తెలుస్తుంది. భూగోళం పాఠం కళ్ళ ముందే ఉంటుంది. అడవిలో మోదుగలు పూసి ఉంటాయి.

అయితే నీళ్ళు తక్కువే కదా అని గుండాల్లోకి దిగరాదు. అవి చాలా లోతు. అక్కడ ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మార్చి పదో తరగతికి పరీక్షల కాలం. కనుక చిన్న తరగతుల తమ్ముళ్ళను తీసుకెళ్ళాలి. ఇల్లు, హాస్టల్ తప్ప వేరే ఊరు చూడని పిల్లలకు విహారయాత్ర విలాసం కాదు, అదీ చదువే. పూర్వ విద్యార్థులారా, బస్సు కిరాయికి చేయూతనివ్వండి!