మడకశిర రోడ్డు: చెడ్డ రోజు లెక్క

కొడికొండ దగ్గర 44వ నంబరు హైవేని వదిలిన 544ఇ జాతీయ రహదారి లేపాక్షి, హిందూపురం, మడకశిర, రొళ్ల, అగళి మీదుగా కర్ణాటకలోని శిరాకు చేరుతుంది. ఇలాంటి రోడ్డును వెడల్పు చేసేటప్పుడు అధికారులు చెప్పేది ఒకటే: ప్రయాణం ఇన్ని నిమిషాలు తగ్గుతుంది. అది సగటు. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తీసుకెళ్లే రైతుకు దానితో పెద్దగా పని లేదు. పట్టుపురుగులు గూళ్లు అల్లుకునే చంద్రికల నుంచి విడిపించాక అవి తేమ ఆరేకొద్దీ తూకం తగ్గుతాయి. వేలం తప్పితే ఆ రోజు ధరా తప్పినట్టే. అందుకే దారిలో ఇరుక్కుపోయే రోజును మనసులో పెట్టుకుని ముందుగానే బయలుదేరతాడు.

లెక్క కోసం ఇరవై ప్రయాణాలు అనుకుందాం. పద్దెనిమిదింటికి 60 నిమిషాలు, రెండింటికి 110. సగటు 65. రోడ్డు బాగుపడ్డాక మామూలు రోజు 45కి దిగింది, చెడ్డ రోజులు మాత్రం 110 దగ్గరే ఉన్నాయి. సగటు 51.5. కాగితం మీద 13.5 నిమిషాల లాభం! రైతు ఇల్లు కదిలే వేళ మాత్రం ఒక్క నిమిషమూ జరగలేదు.

అమెరికాలో 2017 నుంచి ప్రయాణ సమయం ఎంత నమ్మదగినదో కొలిచే నిబంధన ఉంది. 80వ పర్సంటైల్ సమయాన్ని, అంటే నూటికి ఎనభై ప్రయాణాలు ఎంతలోపు ముగుస్తాయో ఆ సమయాన్ని, మధ్యస్థంతో భాగిస్తే 1.5 లోపు రావాలి. మన ఉదాహరణలో రెండూ 45 నిమిషాలే కాబట్టి ఈ రోడ్డు దర్జాగా పాసవుతుంది. పదింట ఒక రోజు చెడిపోయే రోడ్డుకు ఆ కొలత చాలదు. 95వ పర్సంటైల్ చూడాల్సిందే.

అయితే చెడ్డ రోజులు ఎంత తగ్గుతాయో ముందే అంచనా వేయడం ఎలా? చెడ్డ రోజును కారణాలవారీగా విడగొట్టాలి. వేరుశనగ కట్టె ఎత్తుకున్న ట్రాక్టరు వెనక పాకడం రోడ్డు వెడల్పయితే తీరుతుంది. సంత రోజు ఊరి నడుమ చిక్కుకుంటే బైపాస్ కావాలి. బోల్తా పడిన లారీకి క్రేను ఎంత త్వరగా వస్తుందన్నదే ప్రశ్న, దానికి తారు జవాబు కాదు. వానకు కల్వర్టు మునిగితే ఎన్ని వరుసలున్నా బండి ఆగుతుంది. ఏ పని ఏ కారణాన్ని తగ్గిస్తుందో సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్)లో విడివిడిగా రాయాలి.

దీనికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. జీపీఎస్ ఉన్న ఆర్టీసీ బస్సులు, 108 అంబులెన్సులు ఏ రోజు ఎంతసేపు పట్టిందో చెబుతాయి. ఆ వివరాలను పనులు మొదలయ్యేలోపే ఏడాదిపాటు సేకరించాలి. యంత్రాలు దిగాక తీసుకుంటే మట్టి కుప్పలు, మళ్లింపులే లెక్కలోకి ఎక్కుతాయి. పాత రోడ్డుతో పోల్చడానికి ఏమీ మిగలదు.